మిత్రులు విడదీసిన సీమ

కర్నూలునకు పూర్వనామము కందెనవోలు. అలంపురమున నవబ్రహ్మాలయములు కట్టించు కాలమున రాళ్లు మోయు బండ్లు తుంగభద్రను దాటుటకు ముందు ఈ గట్టున ఆగి ఇరుసులకు కందెన వేసికొనెడివనియు, అందువలననే ఊరికి ఆ పేరు నిలిచినదనియు ఐతిహ్యము. కథలో నిజమెంతయైనను అందలి భూగోళము నిజమే. నదికి దక్షిణమున కర్నూలు. ఉత్తరపు గట్టున అలంపురము. రెండింటి నడుమ బండికి ఒకపూట ప్రయాణము. ఇరుగట్టులవారిది ఒకటే భాష, ఒకటే పంట, ఒకటే పండుగ. నది వారిని విడదీయలేదు. ఊరి పేరే పుట్టునంతగా రాకపోకలు కల్పించినది.

అట్టి నది 1800 నుండి 1956 వరకు, అనగా 156 సంవత్సరములు, రెండు ప్రభుత్వములకు ఎల్లయై నిలిచెను. దక్షిణపు గట్టు రైతు మొర మద్రాసునకు పోయెను. ఉత్తరపు గట్టు రైతు మొర హైదరాబాదునకు పోయెను. ఈ గట్టు బిడ్డకు ఇంగ్లీషు వచ్చిననే కొలువు. ఆ గట్టు బిడ్డకు మొదట పారసీకము, పిదప ఉర్దూ వచ్చిననే కొలువు. ఇచట చెల్లు రూపాయి వేరు, అచట చెల్లు హాలీ సిక్కా వేరు. ఒకే పొలిమేర జనులు రెండు దేశముల ప్రజలైరి.

ఈ ఎల్లను నిర్ణయించినది 1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హైదరాబాదున కుదిరిన సంధి. దాని మూలము వెదుకుచు వెనుకకు పోయినచో కనబడునది ఒక వైరము కాదు, ఒక మైత్రి. ఒకే శత్రువుపై కత్తి దూసిన ముగ్గురు మిత్రులు, ఆ శత్రువు లొంగిన పిమ్మట ఒకరినొకరు నమ్మలేకపోయిరి. ఆ అపనమ్మకమునకు వెలగా తెలుగు సీమలు చేతులు మారెను.

ఐరోపా చరిత్ర నెరిగినవారికి ఈ తీరు కొత్తది కాదు. 1945 ఏప్రిల్ 25వ తేదీన జర్మనీలో ఎల్బేనది గట్టున టోర్గావు వద్ద అమెరికా సైనికులును సోవియెట్ సైనికులును కలిసికొని కరచాలనములు చేసికొనిరి. అనంతరము కొలది దినములకే హిట్లరు రాజ్యము కూలెను. కాని నాలుగేండ్లు తిరుగునప్పటికి, 1949లో, ఒక జర్మనీ రెండు రాజ్యములయ్యెను. అదే సంవత్సరమున అమెరికా పక్షమున ఒక సైనిక కూటమియు, 1955లో సోవియెట్ పక్షమున మరియొక కూటమియు ఏర్పడి ఖండమంతయు రెండుగా చీలెను. 1961లో బెర్లిను నగరమున గోడ లేచెను. తెలుగువారు ఆ వార్తలను దూరదేశపు విడ్డూరముగా పత్రికలలో చదివిరి. అట్టి నాటకమే అంతకు నూటయేబది ఏండ్ల ముందు తమ తుంగభద్ర గట్టున జరిగినదని తలచినవారు అరుదు.

ముగ్గురి మైత్రి

1789 నాటికి దక్షిణాపథమున నాలుగు శక్తులు గలవు. మైసూరున టిప్పు సుల్తాను, హైదరాబాదున నిజాము ఆలీఖాను, పూనాలో పీష్వా పేర నానా ఫడ్నవీసు, మద్రాసు కలకత్తాలలో ఇంగ్లీషు కుంపిణీ. నేడు రాయలసీమ అనబడు భూమిలో పెక్కుభాగము ఆనాడు మైసూరు ఏలుబడిలో నుండెను. గుత్తిని ఏలిన మురారిరావును 1776లో హైదరాలీ జయించెను. కడప నవాబు రాజ్యము 1779లో అతని వశమయ్యెను. ఈ సీమ ఒకప్పుడు తన యధికారమున నుండినదని నిజాము తలంపు. ఇందుపై చౌతు వసూలు హక్కు తమదని మరాఠాల వాదము. ఇరువురి లెక్కలలోను ఆ భూమి రావలసిన బాకీయే.

1789 డిసెంబరు కడపటి దినములలో టిప్పు తిరువాన్కూరు సరిహద్దు కోటలపై దాడి చేసెను. తిరువాన్కూరు కుంపిణీ స్నేహరాజ్యము. గవర్నరు జనరలు కారన్‌వాలీసు ఒంటరిగా యుద్ధమునకు దిగుట ఇష్టపడక మిత్రులను వెదకెను. 1790 జూన్ 1వ తేదీన పూనాలో పీష్వాతోను, జూలై 4వ తేదీన కృష్ణకు ఉత్తరముననున్న పానగల్లు విడిదిలో నిజాముతోను సంధులు కుదిరెను.

ఈ ముగ్గురి నడుమ పూర్వస్నేహమన్నది లేదు. నిజాము వంశమునకును మరాఠాలకును 1728లో పాల్‌ఖేడు మొదలుకొని 1763లో రాక్షసభువనము వరకు యుద్ధములు జరిగియుండెను. ఉత్తర సర్కారులను నిజాము చేతినుండి 1766లో సంధిచే గ్రహించి, 1788లో గుంటూరును గూడ పుచ్చుకొనినవారు ఇంగ్లీషువారు. పదియేండ్ల క్రిందట, 1780లో, మరాఠాలును నిజామును హైదరాలీతో చేరి ఆ ఇంగ్లీషువారిపైననే కూటమి కట్టియుండిరి. ఈ పాతపద్దుల నన్నిటిని తాత్కాలికముగా మూసిపెట్టించినది టిప్పు భయ మొక్కటే.

సంధిపత్రములు జాగ్రత్తగానే వ్రాయబడెను. గెలిచిన భూమిని సమానముగా పంచుకొనవలెను. యుద్ధము ముగిసిన పిదప టిప్పు మువ్వురిలో ఎవరిమీదికి వచ్చినను తక్కిన ఇద్దరును తోడు రావలెను. మిత్రులు తమలో తాము కలహించినచో ఏమి చేయవలెనో మాత్రము స్పష్టముగ నిర్ణయింపబడలేదు. ఆ కొరతలోననే రానున్న పదియేండ్ల చరిత్ర యంతయు ఇమిడియుండెను.

శ్రీరంగపట్టణపు పంపకము

యుద్ధము రెండేండ్లు సాగెను. నిజాము సేనలు కొప్పళపు కోటను, పిదప గుర్రంకొండను చుట్టుముట్టి నెలల తరబడి నిలిచెను. ఆ సంవత్సరములలోనే దక్కనును ఘోరక్షామము పట్టెను. చచ్చినవారిని పూడ్చువారు లేక పుర్రెలు నేలపై తెల్లవారినవని దానికి పుర్రెల కరువు అను పేరు వచ్చినది. వానలేని పల్లెలమీదుగా మువ్వురి దండ్లును నడచెను. దండు నడచిన త్రోవలో గడ్డి, గింజ, పశువు ఏమి మిగులునో ఊహింపవచ్చును.

1792 ఫిబ్రవరిలో కారన్‌వాలీసు శ్రీరంగపట్టణపు వెలుపలి రక్షణలను ఛేదింపగా టిప్పు సంధి కోరెను. మార్చిలో కుదిరిన ఒడంబడిక ప్రకారము అతడు రాజ్యములో సగము ఇచ్చెను. మూడుకోట్ల ముప్పది లక్షల రూపాయలు చెల్లించుటకు ఒప్పుకొనెను. చిన్నవాండ్రగు ఇద్దరు కుమారులను హామీగా పంపెను. ఆ సగము మూడుపాళ్లయ్యెను. ఒక్కొక్కపాలు రమారమి 40 లక్షల రూపాయల ఆదాయము గలది. మలబారు, దిండిగల్లు, బారామహలు ఇంగ్లీషువారికి. తుంగభద్రకు చేరువనున్న వాయవ్యభూములు మరాఠాలకు. కడప, గండికోట, కంభము మొదలగు సీమలు నిజామునకు.

ఈ సంధికి జతపరచిన పట్టికలో తాలూకాల పేళ్లును, ఒక్కొక్కదాని యెదుట వరహాలలో ఆదాయమును గలవు. మూడుపాళ్లు సరితూగుటకై తాలూకాలను ఇటునుండి అటు, అటునుండి ఇటు మార్చిరి. ఆ ఊళ్లలో ఎవరు నివసించుచుండిరో, ఏ భాష మాటలాడుచుండిరో, ఎవరి పాలన కోరిరో తెలుపు వరుస ఆ పట్టికలో లేదు. నూటయేబది ఏండ్ల అనంతరము జర్మనీని మండలములుగా పంచిన పటములలోను అట్టి వరుస కనబడదు. గెలిచినవారి పట్టికలు ఏ కాలముననైనను ఒకే తీరుగ నుండును.

అడిగినను దొరకని హామీ

శత్రువు సగమైన వెంటనే మైత్రియు సగమయ్యెను. కారన్‌వాలీసు రానున్న చిక్కును గుర్తించి, మువ్వురును ఒకరి రాజ్యమునకు ఒకరు పూచీపడునట్లు మరియొక ఒడంబడిక కావలెనని ప్రతిపాదించెను. నిజాము సంతోషముతో ఒప్పుకొనెను. నానా ఫడ్నవీసు ఒప్పుకొనలేదు. నిజాము చెల్లింపవలసిన చౌతు బాకీలు ఏండ్లతరబడి పేరుకొనియుండెను. పూచీ యిచ్చినచో ఆ బాకీ వసూలునకు కత్తి తీయుటకు వీలుండదు. టిప్పు బలముగా నున్నన్నాళ్లు బాకీమాట ఎత్తని పూనా దర్బారు, అతడు అణగిన పిమ్మట కవిలెకట్టలు విప్పి కూర్చుండెను. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యనగా ఇదియే.

కారన్‌వాలీసు తరువాత వచ్చిన సర్ జాన్ షోరు ఎవరి తగవులోను తలదూర్చని నీతి నవలంబించెను. స్వదేశీ ప్రభువుల యుద్ధములలో చొరరాదని 1784 నాటి పార్లమెంటు చట్టము నిర్దేశించినది. పైగా మరాఠాలతో యుద్ధమనగా వ్యయమెక్కువ. నిజాము సాయమడుగగా, 1790 నాటి సంధి టిప్పునకు మాత్రమే వర్తించునని సమాధానము వచ్చెను. నిజాము కొలువులో కుంపిణీవారి పటాలములు రెండుండెను. వానికి ఆతడు ధనమిచ్చుచుండెను. అవి సయితము మరాఠాలపై పోరాడరాదని ఆజ్ఞ యయ్యెను.

1795 మార్చిలో అహమదునగరు ప్రాంతమందలి ఖర్దావద్ద రెండు సేనలు తలపడెను. మూడేండ్ల క్రిందట శ్రీరంగపట్టణమున ప్రక్కప్రక్కన గుడారములు వేసికొనినవారే ఇప్పుడు ఎదురెదురుగా నిలిచిరి. పోరు పెద్దది కాదు. కాని ఆ రాత్రి నిజాము సేనలో కలవరము పుట్టి దండు చెదరెను. ముసలి నిజాము ఖర్దా కోటలో చిక్కువడి, దౌలతాబాదు కోటను, అందుతోబాటు విస్తారమైన భూమిని, మూడుకోట్ల రూపాయలను ఇచ్చుటకు ఒప్పుకొనెను. మంత్రి అజీముల్ ఉమరాను సయితము శత్రువుల చేతికి అప్పగింపవలసివచ్చెను.

అదృష్టవశమున ఆ సంవత్సరము అక్టోబరులో యువకుడైన పీష్వా సవాయి మాధవరావు మేడపైనుండి పడి మరణించెను. వారసత్వపు తగవులలో పూనా మునిగిపోగా నిజామునకు పోయినదానిలో చాలవరకు తిరిగి దక్కెను, మంత్రియు విడుదలయ్యెను. కాని ఖర్దా నేర్పిన పాఠము నిలిచిపోయెను. బలవంతుని పూచీ లేనిదే బ్రతుకు లేదని హైదరాబాదు దర్బారు నిశ్చయించుకొనెను. ఆ పూచీ ఎవరినుండి, ఏ వెలకు అనునదే మిగిలిన ప్రశ్న.

ఫ్రెంచివాని పటాలములు

మొదట నిజాము ఫ్రెంచివాడగు రేమాన్ వైపు తిరిగెను. ఇతడు తీర్చిదిద్దిన పటాలములు ఏటేట పెరిగి పదునాలుగువేలకు చేరెను. వీనిలో కొంతభాగమును కడపసీమకు పంపగా, తమ పొలిమేరలో ఫ్రెంచివారి బలము నిలుచుట సహింపమని ఇంగ్లీషువారు అభ్యంతరము తెలిపిరి. 1793 మొదలు ఐరోపాలో ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము నడుచుచుండెను. పారిసున జరిగిన విప్లవపు సెగ కడప పల్లెలవరకు ప్రాకినదన్న ఆశ్చర్యము కలుగును. రెండు దూరపు శక్తుల పంతమునకు మూడవదేశపు పొలములు రంగస్థలమగుట ఇరువదవ శతాబ్దమున మాత్రమే మొదలైనది కాదు.

రేమాన్ 1798 మార్చిలో మరణించెను. హైదరాబాదున అతని సమాధి నేటికిని గలదు. మూసారాంబాగు పేరు అతనిదేయని నగరవాసుల నమ్మకము. అతని మరణమునకును, కొత్త గవర్నరు జనరలు వెల్లస్లీ రాకకును నడుమ ఎడము కొలది వారములే. 1798 సెప్టెంబరు 1వ తేదీన కొత్త సంధి కుదిరెను. ఆరు పటాలముల కుంపిణీ సేన హైదరాబాదున నిలుచును. దాని నిమిత్తము నిజాము ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించును. ఫ్రెంచి పటాలములు రద్దగును. అక్టోబరులో ఆ పటాలములను ఇంగ్లీషు సేన చుట్టుముట్టి, నెత్తురు చిందకుండ ఆయుధములు దించెను. జీతముల బకాయిలకై అంతకు ముందురోజే సిపాయీలు తమ దొరలపై తిరుగబడియుండుట ఆ పనిని సులభము చేసెను.

హుసేనుసాగరునకు ఆవల విడిసిన ఈ కుంపిణీ దండే పెరిగి, 1806లో సికందరుజా పేర సికింద్రాబాదయ్యెను. లష్కరు అను వాడుకమాట నేటికిని దాని పుట్టుకను జ్ఞాపకము చేయును. రక్షణకై పిలిచిన దండు అతిథిగా వచ్చి ఊరుగా నిలిచెను.

ధనమునకు బదులు భూమి

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడెను. టిప్పు యుద్ధములో మరణించెను. మరల పంపకము. జూన్ 22వ తేదీ ఒడంబడికలో గుత్తి, గుర్రంకొండ మొదలగునవి నిజాము పాలయ్యెను. పాత మిత్రులగు మరాఠాలు ఈ యుద్ధమున చేరలేదు. అయినను వారికి కొంతభూమి కేటాయించి, కుంపిణీ కోరిన షరతులకు లోబడినచో ఇత్తుమని చెప్పిరి. పూనా నిరాకరింపగా ఆ భూమిని గూడ నిజామును కుంపిణీయును పంచుకొనిరి. 1790 నాటి మువ్వురి మైత్రికి అదియే తుదిపుట.

నిజాము చేతిలో ఇప్పుడు 1792 నాటి కడపసీమయు 1799 నాటి గుత్తిసీమయు గలవు. కాని పూనా భయము తీరలేదు. 1798 సంధి ప్రకారము వచ్చిన సేన మరాఠాలపై తనను కాపాడునా లేదా అన్నది అప్పటికిని తేలలేదు. 1792లో అడిగి పొందజాలని హామీని నిజాము ఈ మారు రొక్కముగా కొనెను. 1800 అక్టోబరు 12వ తేదీ సంధివలన సేన ఎనిమిది పటాలముల కాల్బలముగను రెండు రెజిమెంట్ల గుఱ్ఱపుదండుగను పెరిగెను. ఎవరు ఎత్తివచ్చినను హైదరాబాదును రక్షించుట కుంపిణీ బాధ్యత యయ్యెను. ప్రతిగా కుంపిణీకి తెలియక ఇతర రాజ్యములతో వ్యవహరింపనని నిజాము మాట యిచ్చెను. సేనవ్యయమునకు ఏటేట ధనము చెల్లించుటకు బదులుగా, మైసూరునుండి రెండుమారులు సంపాదించిన భూమి నంతను శాశ్వతముగా వదలుకొనెను.

అందలి ఒక చిన్న సర్దుబాటు తుంగభద్రకు ఎల్ల యను హోదా తెచ్చిపెట్టెను. నదికి ఉత్తరముననున్న కొప్పళము మొదలగునవి నిజామునకు ఉంచి, వానికి బదులుగా దక్షిణముననున్న ఆదవాని మొదలగునవి కుంపిణీ పుచ్చుకొనెను. పటముపై గీత చక్కగా నుండవలెనను కోరిక అందుకు కారణము. తుంగభద్ర, అది కలిసిన పిదప కృష్ణ, రెండు ప్రభుత్వముల హద్దులయ్యెను. కర్నూలు నవాబు చెల్లించు పేష్కషు కుంపిణీకి బదిలీయయ్యెను. 1839లో ఆ నవాబు రాజ్యమును కుంపిణీ కలిపివేసికొనెను.

పిల్లుల తగవు తీర్చిన కోతికథ తెలుగు బిడ్డలందరును ఎరుగుదురు. కాని ఈ కథలో కోతిని మాత్రమే దూషించుట న్యాయము కాదు. పిల్లులు రెండును త్రాసు తెమ్మని తామే అడిగినవి. పూనా హామీ నీయనిదై, హైదరాబాదు హామీ లేక నిలువజాలనిదై, ఇద్దరి భయమును మూడవవాడు వ్యాపారము చేసికొనెను. నిజామునకు రాజ్యము దక్కెను. పీష్వా పదవి 1818లో అంతరించెను. రొట్టె యెవరిదను ప్రశ్నను మాత్రము ఎవరును వేయలేదు.

దత్త మండలములు

కడప, బళ్లారి, అనంతపురము, కర్నూలు సీమలకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు తెలుగున దత్త మండలములయ్యెను. దత్తమనగా ఇయ్యబడినది. ఎవరు ఇచ్చిరి, ఎవరికిచ్చిరి అనునది పేరులోననే గలదు. ఇయ్యబడినవారి మాట లేదు. ఇరువదియైదేండ్లలో అచటి రైతు నవాబులకు, మురారిరావునకు, మైసూరునకు, నిజామునకు, కుంపిణీకి వరుసగా శిస్తు కట్టెను. మారిన ప్రతి ప్రభువును వెనుకటివాని బకాయిని గూడ తనదిగా లెక్కించుట ఆనాటి మర్యాద.

1800లో ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో కింద నలుగురు ఉపకలెక్టర్లు పనిచేసిరి. సీమలో దాదాపు 80 మంది పాలెగాండ్రు కోటలు కట్టుకొని యుండిరి. ప్రభువులు మాటిమాటికి మారుటవలన నిలుకడగా నిలిచిన అధికారము వారిదొక్కటే. మన్రో వారిలో కొందరిని సేనతో అణచెను. కొందరికి భరణములు ఏర్పరచి కోటలనుండి దింపెను. పొలములు కొలిపించి రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని 1807 వరకు అచట నెలకొల్పెను. అట్లు ఏర్పడిన భరణములలో ఒకదానిని గూర్చిన తగవే 1846లో కోవెలకుంట్ల ప్రాంతమున ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను. 1847లో అతనిని ఉరితీసిరి. ఒక సంధి వ్రాసిన సిరా అర్ధశతాబ్ది పిమ్మటను ఆరలేదు.

నదికి ఉత్తరమున మరియొక ప్రపంచము సాగెను. జాగీరులు, దేశముఖులు నిలిచిరి. రైతువారీ పట్టా, ఇంగ్లీషు కోర్టు, మద్రాసు విశ్వవిద్యాలయము ఈ గట్టున. సర్ఫెఖాసు, ఉర్దూ దస్తరము, నిజాము ఫర్మానా ఆ గట్టున. హైదరాబాదున తెలుగువారికొక గ్రంథాలయము, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, ఏర్పడుటకు 1901 రావలసివచ్చెను. 1921లో ఆ నగరమున జరిగిన ఒక సభలో తెలుగున ప్రసంగింపబోయిన న్యాయవాదిని సభాసదులు గేలిచేయగా, ఆ అవమానమునుండి ఆంధ్రజన సంఘము పుట్టెను. నదికి దక్షిణమున 1913 నాటికే బాపట్లలో ఆంధ్రమహాసభ సమావేశమైయుండెను. ఒకే జాతి రెండు గడియారముల ప్రకారము నడుచుచుండెను.

అన్నిటికంటె భారమైన వెల నీటి రూపమున చెల్లింపబడెను. తుంగభద్ర నీటిని రాయలసీమకు మలపవలెనని సర్ ఆర్థర్ కాటన్ 1860లోనే సూచించెను. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వముల నడుమ ఒడంబడిక కుదిరినది 1944లో. ఆనకట్ట పని ఆరంభమైనది 1945లో. నీరు పారినది 1953లో. ఆలస్యమునకు ధనలోపము మొదలగు కారణములు పెక్కు గలవు. కాని నది ఇద్దరిదై యుండుట వానిలో చిన్నది కాదు. ఆ తొంబదియేండ్లలో 1876–78 నాటి మహాక్షామమును కలుపుకొని ఎన్ని కరువులు ఆ సీమను దహించెనో జిల్లాల చరిత్రలు చెప్పును. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరుగుననుట ఊరక పుట్టిన సామెత కాదు.

గీత చెరగిన విధము

గీత నొక్కనాట ఎవరును చెరపలేదు. మొదట పేరు మారెను. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావు సూచనపై దత్త మండలమను పేరు పోయి రాయలసీమ యను పేరు వచ్చెను. ఇయ్యబడినవారు తమ పేరును తామే పెట్టుకొనుట చిన్నవిషయము కాదు. 1937లో శ్రీబాగు ఒడంబడిక కోస్తావారికిని సీమవారికిని నడుమ కుదిరెను. ఇందు పరాయివాని త్రాసు లేదు. ఇరువురును కూర్చుండి నీరెంత, కొలువులెన్ని, రాజధాని యెక్కడ అని ముఖాముఖిగా మాటలాడుకొనిరి. అమలులో లోపములు గలవని తరువాతివారు వాదించిరి. అయినను మాటలాడుకొనినవారు జనులే.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా కర్నూలు రాజధాని యయ్యెను. రాజధాని గట్టుననే రాష్ట్రము ముగియుచుండెను. నది దాటినచో హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1వ తేదీన ఆ గీత చెరగి, కర్నూలును అలంపురమును ఒకే ఆంధ్రప్రదేశమున చేరెను. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము కృష్ణ రెండు గట్టులకును కాలువ లిచ్చుటతో, ఎల్లయైన నది మరల ఉమ్మడి చెరువయ్యెను.

2014 జూన్ 2వ తేదీన తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమై, కర్నూలు అలంపురముల నడుమ తుంగభద్ర మరల హద్దయినది. గీత పాతదే కావచ్చును; రెండింటి పుట్టుకయు ఒకటి కాదు. 1800 నాటి గీత ఒక రాజు భయమునుండియు ఒక కుంపిణీ లాభమునుండియు పుట్టినది. 2014 నాటిది ఏండ్ల తరబడి ప్రజలు వీథులలోను శాసనసభలలోను వాదించిన పిమ్మట పార్లమెంటు చేసిన చట్టము. దానిని మెచ్చినవారును మెచ్చనివారును గలరు, అడుగబడనివారు లేరు. నేడు రెండు గట్టులవారును ఒకే దేశపు పౌరులు, ఓటుహక్కు గలవారు. జర్మనీలో గోడ 1989లో కూలి 1990లో దేశ మొకటి యగుటకును మూలము వీథిలోనికి వచ్చిన జనులే. మిత్రులు గీచిన గీతలను చెరపునది మిత్రుల మనసుమార్పు కాదు. గీతకు రెండువైపుల నున్నవారి నోరు.

ఈ సంధుల కాలపు కుంపిణీ పత్రములు కలకత్తానుండి ఢిల్లీకి తరలి, నేడు జనపథముననున్న జాతీయ అభిలేఖాగారమున భద్రముగ నున్నవి. అచటికి కరోల్ బాగ్ దూరము కాదు. 1947లో వేరొక గీత దాటి పశ్చిమ పంజాబునుండి వచ్చిన కుటుంబములు ఆ పేటలో ఇండ్లు కట్టుకొని, అంగళ్లు పెట్టి, ఢిల్లీ కొలువులకు వచ్చిన తెలుగువారికి గదులు అద్దెకిచ్చెను. ఇంటి యజమానురాలు లాహోరు వీథులను తలచుకొనునపుడు, అద్దెకున్న కడప ఇల్లాలును, ప్రక్కగదిలోని పాలమూరు ఇల్లాలును ఆ మాటలు విని తల పంకించియుందురు. తమ తాతల ఊళ్ల నడుమను ఒకనాడు అట్టి గీతయే యుండెనని వారికి తోచినదో లేదో చెప్పజాలము. ఆ ఇరువురు తెలుగు ఇల్లాండ్రును మాత్రము ఒకే మెట్లపై కూర్చుండి, ఒకే చేట ముందిడుకొని, ఒకే ఉగాదికి పచ్చడి కలిపిరి.